మందుల షాపుల ఓనర్లకు సంఘం ఉంది, మరి ఫార్మసిస్టులకు?

సంపాదకులు గారికి నమస్కారం.

ఈమధ్య మీ జిల్లా పేజీలో ఫార్మసిస్టులు లేకుండానే మందులు అమ్మేస్తున్నారని ఒక వార్త వేశారు. తనిఖీకి వెళ్లేసరికి కౌంటర్లో ఇంటర్ తప్పిన కుర్రాడు ఉన్నాడని, గోడకు ఫ్రేము కట్టి తగిలించిన సర్టిఫికెట్ తాలూకు మనిషి జాడ మాత్రం లేదని రాశారు. రాసింది అబద్ధం కాదు. నేను నెల్లూరు పొగతోటలో ఒక మెడికల్ షాపులో పనిచేసే ఫార్మసిస్టుని. ఏ షాపులో మనిషి ఉంటాడో, ఏ షాపులో సర్టిఫికెట్ ఒక్కటే ఉంటుందో మా వీధిలో అందరికీ తెలుసు. కానీ ఆ వార్త చదివినవాళ్లకు ఫార్మసిస్టు అంటే కాగితం అద్దెకిచ్చి ఇంట్లో కూర్చునేవాడు అన్నట్టే అర్థమైంది. మా బంధువు ఒకాయన ఫోన్ చేసి 'నీది ఎంతకిచ్చావు' అని నవ్వులాటగా అడిగాడు కూడా. అందుకే ఈ ఉత్తరం. కొంచెం పొడుగవుతుంది, కత్తిరించక తప్పదనుకుంటే చివర వదిలేసి మధ్యలో కత్తిరించండి.

ముందు ఈ అద్దె సంగతే చెబుతా. 1948 నాటి ఫార్మసీ చట్టంలో 42వ సెక్షన్ ఉంది. డాక్టరు రాసిన చీటీకి మందు ఇవ్వాల్సింది రిజిస్టరైన ఫార్మసిస్టు, ఇంకెవరిచ్చినా నేరం, జైలుశిక్ష దాకా ఉంది. షాపు పెట్టేవాడు ఫారం 20, 21 లైసెన్సులు తెచ్చుకోవాలంటే ఫార్మసిస్టు కాగితాలు జతచేయక తప్పదు. చిక్కంతా ఇక్కడే. మనిషిని పెట్టుకుంటే నెలనెలా జీతం ఇవ్వాలి, కాగితం పెట్టుకుంటే అందులో కొసరు పారేస్తే చాలు, ఓనరు ఏది చేస్తాడో వేరే చెప్పాలా? 2022 నవంబరులో బీహార్ నుంచి వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది, ఫార్మసిస్టు లేకుండా ఆసుపత్రులు, మందుల షాపులు నడవకుండా చూసే బాధ్యత రాష్ట్ర ప్రభుత్వానిది, ఫార్మసీ కౌన్సిల్‌ది అని. తీర్పు బీహార్ మీద వచ్చిందని మనం చదివి పక్కన పెట్టేశాం.

సర్టిఫికెట్ ఇచ్చినవాడిని నేను వెనకేసుకు రావడం లేదు, తప్పే. అయితే ఎందుకిచ్చాడో కూడా ఒకసారి అడగాలి కదా. కాలేజీ నుంచి బయటికొచ్చిన పిల్లాడు పొద్దున తొమ్మిదికి షట్టరు ఎత్తింది మొదలు రాత్రి పదిన్నరకు దించేదాకా నిలబడితే వచ్చే జీతం అల్లూరు వైపు రొయ్యల గుంటల మీద కాపలా ఉండేవాడికి ఇచ్చేదాని కంటే పెద్ద ఎక్కువేం కాదు, పైగా కాపలావాడికి గుడిసె, భోజనం ఉంటాయి. అంతకంటే ఆ కాగితం ఎవరికో ఇచ్చేసి హైదరాబాదులోనో చెన్నైలోనో మెడికల్ కోడింగ్ ఉద్యోగానికి పోవడమే మేలనుకుంటున్నాడు. నాతో చదివినవాళ్లలో మందు ముట్టుకునే పనిలో ఉన్నవాళ్లు తక్కువ.

ఇంకోటి కూడా ఉంది, ఇది పేపర్లో ఎప్పుడూ రాదు. ఉద్యోగంలో చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చేయమంటారు. మానేస్తానంటే 'ఇంకొకరు దొరికేదాకా ఉండనీ' అంటారు. ఆ ఇంకొకరు ఎప్పటికీ దొరకరు. మనిషి వేరే ఊళ్లో వేరే ఉద్యోగం చేస్తుంటాడు, ఇక్కడ వాడి పేరు మీద మందులు అమ్ముడుపోతూ ఉంటాయి, రేపు ఏదైనా జరిగితే నోటీసు వాడికే వస్తుంది. నాకు బాగా తెలిసిన ఒక అమ్మాయి పెళ్లయి వెళ్లిపోయాక కూడా ఆమె సర్టిఫికెట్ కావలి దగ్గర ఒక షాపు గోడ మీదే ఉండిపోయింది. ఔషధ నియంత్రణ శాఖకు ఒక ఉత్తరం రాస్తే తీరే పని. ఎవరికి రాయాలి, ఏమని రాయాలి, రాస్తే ఓనరు ఏం చేస్తాడో అని టెన్షన్ పడి ఆ అమ్మాయి, వాళ్ల నాన్న ఊరుకున్నారు. సంఘం అంటూ ఒకటుంటే అది ఒక పూట పని.

సంఘాలకేం తక్కువ అంటారు. నిజమే, మందుల వ్యాపారస్తుల సంఘం ఉంది, గట్టిదే. ఆన్‌లైన్ అమ్మకాలు వద్దని 2017 మే 30న, మళ్లీ 2018 సెప్టెంబరు 28న దేశమంతా షాపులు మూయించింది, మాకు ఆ రెండు రోజులూ సెలవు దొరికింది. వాళ్లను నేను తప్పుపట్టను. వ్యాపారస్తులు మార్జిన్ గురించి, షాపులకు సరుకు వేసే స్టాకిస్టుల గురించి, ఎక్స్‌పైరీ సరుకు వాపసు గురించి మాట్లాడతారు, మాట్లాడాలి కూడా. కానీ కౌంటర్లో నిలబడే ఫార్మసిస్టు జీతం పెంచమని ఆ సంఘంలో ఎవరు లేచి అడుగుతారు, ఇచ్చేవాళ్లే అడుగుతారా? ప్రభుత్వాసుపత్రుల్లో, పీహెచ్‌సీల్లో ఉన్న ఫార్మసిస్టులకు వాళ్ల సంఘాలు వాళ్లకున్నాయి, బదిలీలు, ప్రమోషన్లు, పీఆర్సీ వాళ్ల గొడవ. కాలేజీల్లో పాఠాలు చెప్పేవాళ్లది ఇంకో లోకం. ప్రైవేటు షాపుల్లో, నర్సింగ్ హోముల్లో పనిచేసేవాళ్లమే ఎక్కువమందిమి, మాకే ఏదీ లేదు.

కౌన్సిల్ ఉందిగా అనేవాళ్లకు ఒక మాట. కౌన్సిల్ వేరు, సంఘం వేరు. కౌన్సిల్ చట్టంతో పుట్టింది. రిజిస్ట్రేషన్ ఇస్తుంది, రెన్యువల్ చేస్తుంది, తప్పు చేస్తే పేరు కొట్టేస్తుంది. జనం తరఫున మమ్మల్ని అదుపులో పెట్టడం దాని పని, మా తరఫున వకాల్తా పుచ్చుకోవడం దాని పని కాదు. ఇంగ్లండులో ఈ రెండూ ఒకే సంస్థ చేస్తుండేది, 1841లో లండన్‌లో పుట్టిన రాయల్ ఫార్మాస్యూటికల్ సొసైటీ. రెండు పడవల మీద కాళ్లు కుదరవని 2010లో విడగొట్టి రిజిస్ట్రేషన్ పని కొత్త కౌన్సిల్‌కి ఇచ్చారు, వృత్తి సంగతులు సొసైటీకి వదిలారు.

ఇక సెప్టెంబరు 25. ప్రపంచ ఫార్మసిస్టుల దినోత్సవం. ఆ రోజు ఎవరో ఒకరు ఫ్లెక్సీ కడతారు, వీఆర్సీ సెంటర్ నుంచి పిల్లల చేత ర్యాలీ తీయిస్తారు, కేకు కోస్తారు, ముఖ్య అతిథికి శాలువా కప్పుతారు, మరుసటి రోజు మీ పేపర్లో ఫోటో వస్తుంది. ఆ ఫోటోలో షాపులో పనిచేసేవాడు ఒక్కడూ ఉండడు. ఉండడానికి మాకు సెలవు ఎవరిస్తారు?

మా జీతాల గొడవ చదివేవాళ్లకెందుకు అనుకోవచ్చు. అందుకని కౌంటర్ దగ్గర జరిగేది చెబుతా. రాత్రి తొమ్మిదిన్నరకు ఒకాయన బండి ఆఫ్ చేయకుండానే 'అబ్బయా, ఆ సెఫిక్సిమ్ మూడు బిళ్లలు కట్టియ్యి' అంటాడు. చీటీ లేదు. అది షెడ్యూల్ హెచ్1 మందు. 2014 మార్చి 1 నుంచి ఈ షెడ్యూల్లో ఉన్న మందులు చీటీ లేకుండా ఇవ్వకూడదు, చీటీ చూసి ఇచ్చినా రాసిన డాక్టరు పేరు, వాడే మనిషి పేరు, ఎన్ని ఇచ్చామో వేరే రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. పెద్ద యాంటీబయాటిక్స్, క్షయ మందులు, నిద్రమాత్రలు, ట్రమడాల్ లాంటివి అందులో ఉన్నాయి. చీటీ కావాలంటే ఆయన 'పక్క షాపులో ఇస్తారులే' అని కదులుతాడు. నిజంగానే ఇస్తారు. వెనక నుంచి మా ఓనరు 'నువ్వు చదువుకున్నావు, కాదనను, గిరాకీ అట్టా తిప్పి పంపితే జీతం ఎక్కడి నుంచి ఇయ్యమంటావు' అంటాడు. ఆయన చెడ్డవాడేం కాదు. అద్దె, కరెంటు, స్టాకిస్టు బాకీ ఆయనకూ ఉన్నాయి. కానీ చీటీ లేదని మందు ఇవ్వనన్నందుకు ఉద్యోగం పోయిన ఫార్మసిస్టు తరఫున మాట్లాడే మనిషి ఈ జిల్లాలో ఒక్కడున్నాడా? కేరళలో చీటీ లేకుండా యాంటీబయాటిక్ అమ్మే షాపులను పట్టుకోవడానికి 2024 జనవరిలో ఆపరేషన్ అమృత్ అని మొదలుపెట్టారు. ఇక్కడ అలాంటిది రావాలని నా కోరిక, వచ్చాక మొదట బలయ్యేది కౌంటర్లోని జీతగాడు కాకుండా చూసేందుకు ఎవరో ఒకరుండాలి.

ఉదయగిరి వైపు నుంచి, వింజమూరు వైపు నుంచి ముసలివాళ్లు వస్తుంటారు. అటు నీళ్లలో ఫ్లోరైడు, కీళ్లు పట్టేస్తాయి. కనిగిరి, పామూరు చుట్టూ ఇంకా ఘోరం. ఒక అవ్వ కొంగున ముడేసిన చిన్న ప్లాస్టిక్ కవరు తీసి 'ఇట్టాంటియ్యే ఇయ్యబ్బయా, ఇయి ఏసుకుంటే లేచి నడస్తన్నా' అంటుంది. కవర్లో స్ట్రిప్పు నుంచి విడగొట్టిన మాత్రలు, ఒక తెల్లది, ఒక పచ్చది, ఒక అరముక్క. పేరు లేదు, తేదీ లేదు. ఊళ్లో వైద్యం చేసే ఆయన కట్టిచ్చిన పొట్లం. ఆమె ముఖం గుండ్రంగా ఉబ్బి ఉంటుంది, చేతుల మీద చర్మం పల్చబడి నల్లమచ్చలు. ఆ అరముక్క స్టెరాయిడ్ అయి ఉంటుందని నాకు అనుమానం వస్తుంది, మిగతావి నొప్పి మాత్రలు, ఏళ్ల తరబడి వాడితే కిడ్నీలకు చేటు. అలాగని 'అవ్వా, ఇది మానెయ్' అని చెప్పడం కూడా ప్రమాదమే, నెలల తరబడి వాడిన స్టెరాయిడ్ ఉన్నట్టుండి ఆపితే మనిషి కుప్పకూలిపోవచ్చు, డాక్టరు చూసి కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలి. ఇదంతా ఆమెకు అర్థమయ్యేలా, భయపడకుండా, బస్సు టైము లోపల చెప్పాలి. వెనక పదిమంది చీటీలు పట్టుకుని నిలబడి ఉంటారు. ఎట్టా చెప్పాలో మాకు ఏ కాలేజీలోనూ నేర్పలేదు. ఫార్మకాలజీలో స్టెరాయిడ్స్ మీద పది మార్కుల ప్రశ్న వచ్చింది, రాశాం.

సంఘం చేయాల్సిన రెండో పని ఈ నేర్పడమే, నా మటుకు జీతాల కంటే ఇదే ముందు. ఫార్మసీలో చదివింది నిలవ ఉండదు. 2016 మార్చిలో కేంద్రం 344 కాంబినేషన్ మందులను, అంటే ఒకే బిళ్లలోనో సీసాలోనో రెండు మూడు మందులు కలిపినవాటిని, ఒకేసారి నిషేధించింది, అది కోర్టుల చుట్టూ తిరిగి 2018 సెప్టెంబరులో 328 మీద మళ్లీ నిషేధం వచ్చింది, 2024 ఆగస్టులో ఇంకో 156 తీసేశారు. ఇవి మాకు ఎట్టా తెలుస్తాయనుకుంటున్నారు? స్టాకిస్టు మనిషి వచ్చి 'అన్నా ఆ సరుకు వాపసు ఇచ్చెయ్' అంటే అప్పుడు తెలుస్తుంది, లేదా వాట్సాప్‌లో సగం చెరిగిన ఫోటో తిరుగుతుంది. కొత్త మందు సంగతి చెప్పేది కంపెనీ రెప్. అమ్ముకునేవాడు చెప్పే పాఠంలో దుష్ఫలితాల పేజీ త్వరగా తిరిగిపోతుంది.

2023 డిసెంబరులో క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబు మందు నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడొద్దని కంపెనీలు లేబుల్ మీద వేయాలని ఆదేశం వచ్చింది. మా వీధిలో ఎంతమందికి తెలుసో అడిగి చూడండి. 2025లో మధ్యప్రదేశ్‌లో దగ్గు మందులో డైఇథిలిన్ గ్లైకాల్ అనే విషం కలిసి ఇరవై మందికి పైగా పసిపిల్లలు కిడ్నీలు దెబ్బతిని చనిపోయారు, ఆ మందు తయారైంది మన పక్కనున్న తమిళనాడులోనే. ఆ వారం తల్లులు ఇంట్లో ఉన్న సీసాలన్నీ కవర్లో వేసుకొచ్చి కౌంటర్ మీద పెట్టి 'ఇది అదేనా చూడండి' అని అడిగారు. అప్పుడు ఫార్మసిస్టు విలువ తెలిసింది. మేము చేసింది ఏముంది, టీవీలో చెప్పిన పేరు, బ్యాచ్ నంబరు చూసి కాదని చెప్పడం. ఆ రోజు పొద్దున్నే జిల్లాలో ఫార్మసిస్టులందరికీ ఒక సరైన సమాచారం, ఒక చోటు నుంచి, తెలుగులో వచ్చి ఉంటే ఎంత బాగుండేది.

పెద్ద సంగతులే అక్కర్లేదు, చిన్నవి చూడండి. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ రాస్తారు, వారానికి ఒక్కసారి వేసుకోవాలి. చీటీలో ఆ ముక్క డాక్టరు గారి రాతలో ఎక్కడో మూలన ఉంటుంది. కౌంటర్లో కుర్రాడు అలవాటు చొప్పున కవరు మీద 1-0-0, అంటే రోజూ పొద్దున ఒకటి అని రాసిస్తాడు. అది రోజూ వేసుకుంటే నోరంతా పుండ్లు పడి, రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. కవరు మీద '1-0-0' బదులు 'ఆదివారం మాత్రమే' అని రాయడం, రాసి రెండుసార్లు చెప్పించుకోవడం, ఇదీ ఫార్మసిస్టు పని. స్ట్రిప్పు కత్తిరించి ఇచ్చేటప్పుడు ఎక్స్‌పైరీ తేదీ, బ్యాచ్ నంబరు ఉన్న కొస షాపులోనే చివరిదాకా ఉంచాలి, చాలాచోట్ల ముందు ఆ కొసే కత్తిరిస్తారు, తర్వాత మిగిలిన ముక్క ఏనాటిదో దేవుడికే తెలియాలి. ఇన్సులిన్ రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి, మన రోహిణీ కార్తెలో స్టాకిస్టు కుర్రాడు దాన్ని బండి హ్యాండిల్‌కి తగిలించిన సంచిలో పొదలకూరు దాకా తీసుకుపోతాడు. తీరా షుగరు తగ్గలేదంటే డోసు పెంచుతారు.

ఇవన్నీ నేర్పడానికి అమెరికా నుంచి ఎవరూ రానక్కర్లేదు. నెల్లూరులో ఏసీఎస్సార్ ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది, ఒంగోలులో జనం రిమ్స్ అనే ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది, రెండింటిలో ఫార్మకాలజీ విభాగాలు ఉన్నాయి. నెలకో ఆదివారం మధ్యాహ్నం, షాపులు కట్టేసే వేళ, ఒక గంట పాఠం పెట్టమంటే కాదనరు, అడిగేవాళ్లుండాలి. అడగడానికి లెటర్‌హెడ్ ఉన్న సంఘం కావాలి, ఒక్కడు వెళ్లి అడిగితే గేటు దగ్గరే ఆపుతారు. ఫార్మసీ ప్రాక్టీసు నిబంధనలు 2015లో వచ్చాయి. రెన్యువల్ కావాలంటే ఐదేళ్లలో కనీసం రెండు ఒకరోజు శిక్షణలకు హాజరవ్వాలని వాటిలో ఉంది, మందు ఎలా వాడాలో రోగికి విడమరిచి చెప్పాలని ఉంది, తెల్ల కోటు, పేరు, రిజిస్ట్రేషన్ నంబరు కనిపించే బ్యాడ్జి వేసుకోవాలని కూడా ఉంది. శిక్షణ అంటే సంతకం పెట్టి, మధ్యాహ్నం బిర్యానీ తిని సర్టిఫికెట్ చంకలో పెట్టుకుని రావడం కాకుండా ఉండాలంటే ఏం నేర్పాలో చెప్పే హక్కు కౌంటర్లో నిలబడేవాళ్లకు ఉండాలి.

ఇంకోటి, మందు వికటిస్తే చెప్పడానికి ఒక పద్ధతి ఉందని చాలామంది ఫార్మసిస్టులకే తెలియదు. 2010 నుంచి మన దేశంలో ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం నడుస్తోంది, 1800-180-3024 కి ఎవరైనా ఉచితంగా ఫోన్ చేసి చెప్పొచ్చు, మామూలు జనం కూడా. దద్దుర్లు వచ్చాయని, కళ్లు తిరిగాయని రోజూ ఎవరో ఒకరు మా దగ్గరికి వచ్చి చెబుతూనే ఉంటారు. 'అది ఆపెయ్, ఇంకోటి ఇస్తా' తో అయిపోతుంది, ఎక్కడా నమోదు కాదు.

సంఘాలతో ఏమవుతుంది అని పెదవి విరిచేవాళ్లకు, అసలు మనకున్న చట్టాలే అడిగించుకుని వచ్చినవి. 1930లో మందుల సంగతి విచారించడానికి కర్నల్ చోప్రా కమిటీ వేసేనాటికి ఈ దేశంలో మందు ఎవరైనా కలపొచ్చు, ఎవరైనా అమ్మొచ్చు. మహాదేవ లాల్ ష్రాఫ్ గారు 1932లో కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఫార్మసీ చదువు మొదలుపెట్టించారు, చదువుతో ఆగకుండా 1935లో సంఘం పెట్టించారు, అదే 1939లో ఇండియన్ ఫార్మాస్యూటికల్ అసోసియేషన్ అయింది, ఆ ఏడే పత్రిక కూడా తెచ్చారు. ఆ తర్వాత తొమ్మిదేళ్లకు ఫార్మసీ చట్టం వచ్చింది. చదువు, సంఘం, చట్టం, ఈ వరసలో వచ్చాయి, మన జిల్లాలో చదువు ఊరూరా ఉంది, చట్టం గోడ మీద ఉంది, మధ్యది ఎగిరిపోయింది.

అమెరికాలో ఫార్మసిస్టుల సంఘం 1852లో ఫిలడెల్ఫియాలో పుట్టింది, బయటి దేశాల నుంచి వచ్చే కల్తీ మందుల బాధ పడలేక. ఆ సంఘమే 1990లలో ఫార్మసిస్టులకు టీకాలు వేయడం నేర్పింది, నేర్పి ఊరుకోకుండా రాష్ట్రం తర్వాత రాష్ట్రం చట్టం మార్పించుకుంటూ పోయింది. ఇప్పుడు అక్కడ అన్ని రాష్ట్రాల్లో ఫ్లూ టీకా మందుల షాపులో ఫార్మసిస్టే వేస్తాడు. మీ వీధిలో పిల్లలు అమెరికాలో ఉన్నవాళ్లు ఒకరైనా ఉంటారు, అడిగి చూడండి. రేపే ఇక్కడ నా చేతికి సిరంజి ఇవ్వమని నేను అడగట్లేదు. ముందు నేర్పి, నేర్చినవాడికి పని అప్పగించమని అడిగే వరస ఉంది చూశారా, అది కావాలి.

మన దగ్గర అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఒక్కటి చెబుతా. జనరిక్ మందు ఉండి కూడా ఇవ్వరని జనం మమ్మల్ని తిడతారు, మీ పేపర్లోనూ రాస్తారు. డాక్టరు గారు బ్రాండు పేరు రాస్తే, అది చీటీ మీదే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్ మందైతే, దాని బదులు అదే సరుకున్న ఇంకో కంపెనీ మందు ఇవ్వడానికి డ్రగ్స్ రూల్స్‌లో 65వ రూలు ఒప్పుకోదు. ఇస్తే మాది తప్పు, ఇవ్వకపోతే మేము దొంగలం. ఏ మందుకు మార్చొచ్చు, ఏ మందుకు మార్చకూడదు అనేది తెలిసినవాళ్లు కూర్చుని తేల్చాల్సిన విషయం, ఫిట్స్ మందు లాంటివి ఇష్టమొచ్చినట్టు కంపెనీ మార్చకూడదు, మామూలు గ్యాసు మాత్రకు అంత పట్టింపు అక్కర్లేదు. ఢిల్లీలో దీని మీద మాట్లాడేటప్పుడు కంపెనీలు మాట్లాడతాయి, డాక్టర్ల సంఘాలు మాట్లాడతాయి, వ్యాపారస్తులు మాట్లాడతారు. చీటీ చేతిలో పట్టుకునేవాడి మాట వినపడదు.

ఆడపిల్లల సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు కౌంటర్లలో సగానికి సగం వాళ్లే కనిపిస్తున్నారు. చాలా షాపుల్లో బాత్రూము లేదు. పక్క నర్సింగ్ హోముకు వెళ్లాలి, అక్కడి ఆయా మూడ్ బాగుంటే పోనిస్తుంది. అందుకని పొద్దున్నుంచి నీళ్లు తాగకుండా ఉంటారు, మన ఎండల్లో. రాత్రి పదిన్నరకు షట్టరు దించాక కోవూరు, బుచ్చి వైపు ఆటో కోసం నిలబడతారు. కూర్చోవడానికి ఒక స్టూలు, ఒక బాత్రూము, ఎనిమిది గంటల పని, ఈ మూడు మాటలు రాసి ఒక కాగితం ఓనర్ల సంఘానికి ఇవ్వగలిగితే సగంమంది ఒప్పుకుంటారనే నా నమ్మకం. ఒప్పుకోనివాళ్లతో కార్మిక శాఖ మాట్లాడుతుంది.

సంఘం పెడితే ఏమవుతుందో కూడా నాకు తెలుసులెండి. మొదటి మీటింగులోనే ప్రెసిడెంటు ఎవరు, కార్యదర్శి ఎవరు, మన వాడెవడు అని మొదలవుతుంది, మూడో నెలకు రెండు సంఘాలవుతాయి, ఆరో నెలకు ఫ్లెక్సీ మీద నాయకుల ఫోటోలు మా ఫోటోల కంటే పెద్దవవుతాయి. అందుకే పదవుల జోలికి పోకుండా పాఠంతో మొదలుపెడదాం అంటున్నా. ఒక ఆదివారం పదిమంది చాలు. తలా వంద రూపాయలు, టీ ఖర్చు, ఒక మందు గురించి ఒక గంట. స్టెరాయిడ్ పొట్లాల సంగతే మొదటి పాఠం పెట్టుకుందాం, ఆ అవ్వకు ఏం చెప్పాలో కలిసి కూర్చుని రాసుకుందాం, తెలుగులో, ఒక కాగితం మీద, అందరి కౌంటర్లకూ అదే కాగితం. సర్టిఫికెట్ అద్దెకిచ్చినవాళ్లు కూడా రావచ్చు, కానీ వెనక్కి తీసుకున్నాకే సభ్యత్వం. ఈ ఒక్క షరతు మీద మాత్రం రాజీ వద్దు, లేకపోతే మేము మాట్లాడే మాటకు విలువుండదు.

మీ పేపరును అడిగేవి రెండు. తనిఖీ వార్త వేసినప్పుడు ఆ షాపులో సర్టిఫికెట్ తాలూకు మనిషిని కూడా పట్టుకుని ఎందుకిచ్చావు, ఎంతకిచ్చావు, ఎన్నాళ్లుగా అడుగుతున్నా తిరిగివ్వట్లేదా అని అడిగి వేయండి, పేరు లేకుండా వేసినా సరే. రెండోది, మందుల నిషేధాలు, వెనక్కి తీసుకోమన్న బ్యాచ్‌ల వివరాలు వచ్చినప్పుడు జిల్లా పేజీలో ఒక చిన్న బాక్సు కట్టి తెలుగులో ఇవ్వండి, బంగారం ధర వేసే చోటు పక్కనే అయినా పర్లేదు. ఫార్మసిస్టులు చదువుతారు, తల్లులు కూడా చదువుతారు.

ఇది చదివి కలవాలనుకునే ఫార్మసిస్టులు మీ ఆఫీసులో పేరు, ఊరు ఇచ్చి వెళ్తే నేను వచ్చి తీసుకుంటాను. నా పేరు మాత్రం వేయకండి. మా ఓనరు గారు షాపు తీయగానే అగరొత్తి వెలిగించి మొదట చదివేది మీ పేపరే.

ఇట్లు,
ఒక రిజిస్టర్డ్ ఫార్మసిస్టు,
పొగతోట, నెల్లూరు.